పిల్లలలో తీవ్ర అలెర్జీ: లంక గ్రామాలలో తొలి అరగంట
సమీపంలో అడ్రినలిన్ లభించే చోటుకే బిడ్డను ముందుగా చేర్చాలి

ప్రత్యేక వ్యాసం

కొల్లేటికోట (ఏలూరు జిల్లా): కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ విస్తరించిన కొల్లేరు సరస్సులో, పెద్దింట్లమ్మ అమ్మవారి ఆలయంతో ప్రసిద్ధి పొందిన లంక గ్రామం కొల్లేటికోట. కైకలూరు మండలానికి చెందిన ఈ గ్రామం 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లా పరిధిలోకి వచ్చింది. చేప, రొయ్య, పీత ఈ ప్రాంత ప్రజలకు జీవనోపాధి మాత్రమే కాదు, నిత్యాహారం కూడా. తల్లిపాలు మాన్పించిన కొద్ది నెలలకే బిడ్డ నోటికి చేప ముక్క అందుతుంది.

ఇటువంటి ఇంట మూడేళ్ల బిడ్డ రొయ్యల కూరతో అన్నం తిన్న పది నిమిషాలకు ఒంటినిండా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఎడతెగని దగ్గుతో ఉక్కిరిబిక్కిరి అయితే తల్లిదండ్రులకు తోచే మొదటి ఆలోచన పెద్ద ఆసుపత్రి. ఏలూరుకు పోదామా, భీమవరానికా, తాడేపల్లిగూడానికా అని తర్జనభర్జన పడతారు. వాహనం కోసం వెతుకుతారు. ఆ వెతుకులాటలోనే విలువైన సమయం గడిచిపోతుంది. వైద్యశాస్త్రం చెప్పేది వేరు. తీవ్రమైన అలెర్జీకి ప్రాణాధారమైన మందు ఒక్కటే, అది అడ్రినలిన్. అది పెద్ద ఆసుపత్రిలో మాత్రమే ఉండే మందు కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉంటుంది. అందువల్ల గమ్యాన్ని ఆసుపత్రి స్థాయిని బట్టి కాక, అడ్రినలిన్ ఎక్కడ త్వరగా లభిస్తుందన్న దానిని బట్టి నిర్ణయించుకోవాలి.

పడకపోవడం అంటే ఏమిటి?

మన వాడుకలో "పడదు" అన్న మాటకు అర్థం విశాలమైనది. వంకాయ పడదు, గోంగూర పడదు, చన్నీళ్లు పడవు అంటాం. వీటిలో అధిక భాగం అలెర్జీ కాదు. అజీర్తి, చర్మపు దురద, పూర్వం నుండి వచ్చిన పథ్యపు నమ్మకం అన్నీ ఈ ఒక్క మాటలో కలిసిపోయాయి. నిజమైన అలెర్జీలో శరీర రక్షణ వ్యవస్థ హాని లేని పదార్థాన్ని శత్రువుగా పొరబడి, దానికి వ్యతిరేకంగా ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారు చేసుకుంటుంది. అదే పదార్థం మరల లోనికి వచ్చినపుడు కణాల నుండి హిస్టమిన్ తదితర రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. చర్మం వరకే పరిమితమైతే దద్దుర్లు. శ్వాసనాళాలకు, రక్తప్రసరణకు వ్యాపిస్తే దానిని ఎనాఫిలాక్సిస్ అంటారు. ఫ్రెంచి శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్టియే 1902లో ఈ పేరు పెట్టారు. సముద్ర జీవుల విషాన్ని స్వల్ప మోతాదులో ఇచ్చి కుక్కలకు రక్షణ కల్పించాలని వారు చేసిన ప్రయత్నంలో, రెండవసారి ఇచ్చిన అతి స్వల్ప మోతాదుకే కుక్కలు మరణించాయి. ఈ పరిశోధనకే రిషేకు 1913లో నోబెల్ బహుమతి లభించింది. మొదటిసారి ఏమీ కాలేదు కనుక రెండవసారీ కాదన్న ధీమా చెల్లదని చెప్పడానికి ఆ ప్రయోగం ఇప్పటికీ ఉదాహరణే.

మన దేశంలో ఆహార అలెర్జీ పాశ్చాత్య దేశాలంత ఎక్కువ కాదు. బెంగళూరు, మైసూరు ప్రాంతాల పాఠశాల పిల్లలపై జరిగి 2020లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో ఇది సుమారు 0.14 శాతంగా తేలింది. అంటే పదివేల మందిలో 14 మంది. కర్ణాటక పట్టణాల లెక్కను చేపలు, రొయ్యలు నిత్యం తినే కొల్లేరు ప్రాంతానికి యథాతథంగా అన్వయించలేము. సంఖ్య స్వల్పమైనా, ఆ ఒక్క బిడ్డ ఏ గ్రామంలో, ఏ బడిలో ఉన్నదీ ముందుగా తెలియదు.

ఎప్పుడు ఆపదగా భావించాలి?

దద్దుర్లు మాత్రమే లేచి, బిడ్డ చురుకుగా ఉండి, ఊపిరి సాఫీగా ఆడుతుంటే దగ్గర ఉండి గమనిస్తూ వైద్య సలహా తీసుకోవచ్చు. దద్దుర్లతో పాటు కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆపదే: గొంతు బొంగురుపోవడం, నాలుక వాపు, మింగలేక చొంగ కార్చడం, విడవని దగ్గు, ఛాతీలో పిల్లికూతలు, పదేపదే వాంతులు, ముఖం పాలిపోవడం, కాళ్లు చేతులు చల్లబడడం, మగతగా వాలిపోవడం. మాటలు రాని పసివారిలో లక్షణాలు మరొక విధంగా ఉంటాయి. అంతవరకు ఆడుకుంటున్న బిడ్డ ఉన్నట్టుండి తల్లిని అంటిపెట్టుకుని వదలకపోవడం, నాలుకను చేతితో లాగడం, ఏడుపు గొంతు మారడం, అకస్మాత్తుగా మెత్తబడిపోవడం చూడాలి. మరొక ముఖ్యమైన విషయం. కొందరిలో దద్దుర్లు అసలు కనిపించవు. అలెర్జీ ఉన్నదని ముందే తెలిసిన బిడ్డకు ఆ పదార్థం తగిలిన తరువాత ఊపిరి ఇబ్బంది మాత్రమే వచ్చినా, దద్దుర్లు లేవు కదా అని వేచి ఉండరాదు.

ఎంత వ్యవధి ఉంటుంది? బ్రిటన్‌లో 1992 నుండి 1998 వరకు ఎనాఫిలాక్సిస్‌తో సంభవించిన మరణాలను పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు ఒక కొలతను ఇచ్చింది. శ్వాస లేదా గుండె ఆగిపోవడానికి పట్టిన మధ్యస్థ వ్యవధి ఆహారం వల్ల అయితే 30 నిమిషాలు, తేనెటీగ, కందిరీగ కాటు వల్ల అయితే 15 నిమిషాలు, వైద్యంలో ఇచ్చిన మందుల వల్ల అయితే 5 నిమిషాలు. ఇవి మరణాలకు సంబంధించిన అంకెలు. తీవ్ర అలెర్జీకి గురైన వారిలో అత్యధికులు బ్రతుకుతారు. అయినప్పటికీ కొల్లేటికోట గట్టు మీద నిలబడి చూసినపుడు ఆ 30 నిమిషాల అంకెకు అర్థం వేరుగా ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు కొల్లేరు పొంగి లంక గ్రామాల రహదారులపై నీరు ప్రవహించినపుడు, మామూలు రోజులలో అరగంట ప్రయాణం పూటలు పట్టే ప్రయాణంగా మారింది.

అడ్రినలిన్ ఎలా పనిచేస్తుంది?

అడ్రినలిన్ వాచిన శ్వాసనాళాలను విప్పుతుంది, జారిపోతున్న రక్తపోటును నిలబెడుతుంది, రసాయనాల విడుదలను అదుపు చేస్తుంది. ఈ మూడు పనులనూ ఒకేసారి చేయగల మందు మరొకటి లేదు. మోతాదు బిడ్డ బరువును బట్టి కిలోకు 0.01 మిల్లీగ్రాము. ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము ఉండే మామూలు ఆంప్యూల్ నుండి 10 కిలోల బిడ్డకు 0.1 మిల్లీలీటరు, 20 కిలోల బిడ్డకు 0.2 మిల్లీలీటరు. దీనిని తొడ మధ్య భాగంలో, వెలుపలి వైపు కండరంలోకి ఇస్తారు. భుజానికి ఇచ్చినదాని కంటే, చర్మం కింద ఇచ్చినదాని కంటే తొడ కండరం నుండి మందు త్వరగా రక్తంలో కలుస్తుంది. గుణం కనిపించకపోతే 5 నిమిషాల తరువాత మరల ఇవ్వవచ్చు. ఈ మోతాదులు ఆరోగ్య సిబ్బంది కొరకు చెప్పినవి. ఇంట్లో ప్రయత్నించవలసినవి కావు. విదేశాలలో తల్లిదండ్రులు సంచిలో పెట్టుకుని తిరిగే పెన్ను వంటి అడ్రినలిన్ సూదులు మన సాధారణ మందుల దుకాణాలలో దొరకవు. కనుక మన పరిస్థితులలో ఈ మందును శిక్షణ పొందిన చేతులే ఇవ్వవలసి ఉంటుంది.

ఏవిల్, సెట్రిజిన్ వంటి మందులు దద్దురును, దురదను తగ్గిస్తాయి. వాచిన గొంతును తెరవలేవు. డెక్సా వంటి స్టెరాయిడ్ సూదులు పనిచేయడానికి గంటలు పడుతుంది. పల్లెలలో ఎక్కువగా జరుగుతున్నది మాత్రం ఇదే: ముందు ఏవిల్, ఆపైన డెక్సా, గుణం ఇవ్వకపోతే పట్టణానికి పంపడం. దద్దుర్లు తగ్గుముఖం పట్టగానే గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. లోపల రక్తపోటు పడిపోతున్న సంగతి ఎవరూ గమనించరు. అడ్రినలిన్ ఇస్తే గుండెకు ప్రమాదమన్న సంకోచం కొందరు వైద్య సిబ్బందిలో సైతం ఉంది. సరైన మోతాదులో కండరానికి ఇచ్చినపుడు పిల్లలలో కలిగే వణుకు, గుండెదడ కొద్దిసేపటిలో తగ్గిపోతాయి. ఇవ్వకపోవడం వల్ల కలిగే ప్రమాదంతో వాటిని పోల్చరాదు.

సహాయం వచ్చే లోపు

ముందుగా 108కి ఫోను చేయాలి. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఈ సేవకు రుసుము లేదు. ఫోనులో "బిడ్డకు బాగోలేదు" అని చెప్పడం చాలదు. "రొయ్య తిన్నాడు, పెదవులు వాచాయి, ఊపిరి ఆడడం లేదు, అలెర్జీ అనుకుంటున్నాము" అని చెబితే వచ్చే సిబ్బంది అందుకు సిద్ధమై వస్తారు. గ్రామం పేరుతో పాటు వాహనం చేరగల రోడ్డు చివర, వంతెన, రేవు గుర్తులు చెప్పాలి. నీటి దారి దాటవలసి వస్తే బిడ్డను పడవలో ఇవతలికి ఎవరు తెస్తారు, ఏ రేవు వద్ద అంబులెన్సు ఆగాలి అన్నది అదే ఫోనులో తేల్చుకోవాలి. వాహనం రావడం ఆలస్యమయ్యే పక్షంలో ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు కబురు చేసి, సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి బయలుదేరాలి. అక్కడ తొలి సూది పడిన తరువాత కైకలూరు ప్రభుత్వ ఆసుపత్రికో, ఏలూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికో తరలించవచ్చు.

బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కొద్దిగా ఎత్తి ఉంచాలి. ఊపిరి కష్టంగా ఉంటే కాళ్లు చాపి కూర్చోనివ్వవచ్చు. వాంతి అవుతుంటే పక్కకు తిప్పాలి. నిలబెట్టరాదు, నడిపించరాదు. భుజాన నిలువుగా వేసుకుని పరుగెత్తడం తల్లిదండ్రులకు సహజమే. కానీ రక్తపోటు పడిపోయిన స్థితిలో నిటారుగా లేపితే గుండెకు చేరే రక్తం ఒక్కసారిగా తగ్గుతుంది. చేతుల మీద అడ్డంగా పడుకోబెట్టి మోసుకుపోవడం మేలు. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడం, దద్దుర్లకు గొంగళితో రుద్దడం, నోట్లో పసరు పోయడం వల్ల ప్రయోజనం లేదు. మింగలేని బిడ్డ నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది.

తేరుకున్న తరువాత కూడా కొన్ని గంటలకు లక్షణాలు తిరగబెట్టే అవకాశం ఉంది. బ్రిటన్ రిససిటేషన్ కౌన్సిల్ 2021 మార్గదర్శకాలు రాత్రి పొద్దుపోయి వచ్చినవారిని, అత్యవసర వైద్యం సులభంగా అందని ప్రాంతాల వారిని కనీసం 12 గంటలు ఆసుపత్రిలో ఉంచి గమనించాలని సూచిస్తున్నాయి. లంక గ్రామాల నుండి వచ్చిన బిడ్డను సాయంత్రమే ఇంటికి పంపివేసే ముందు వైద్యాధికారులు ఈ సూచనను గుర్తుంచుకోవాలి.

కొల్లేటి వంటింట్లో

రొయ్యలో అలెర్జీ కలిగించే ప్రధాన మాంసకృత్తు ట్రోపోమయోసిన్. ఎంత ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా దాని గుణం పోదు. ఉడికేటపుడు లేచే ఆవిరికే కొందరు పిల్లలకు ఆయాసం వస్తుంది. అందువల్ల "బాగా మగ్గింది, ఒక్క ముద్ద తింటే ఏమీ కాదు" అనే పెద్దల మాట ఇక్కడ పనికిరాదు. రొయ్య పడనివారిలో చాలామందికి పీత కూడా పడదు. చేపలోని మాంసకృత్తు వేరు. కాబట్టి రొయ్య పడని బిడ్డకు శీలావతి, బొచ్చె, కొర్రమీను పడకపోవాలన్న నియమం లేదు. ఏది మానాలో వైద్యుడు పరీక్షించి నిర్ణయించాలి. అన్నీ మాన్పిస్తే బిడ్డకు పోషకాహారం కొరవడుతుంది.

మన వంటలలో కంటికి కనిపించని రొయ్య రొయ్యపొట్టు రూపంలో ఉంటుంది. గోంగూరలో, చింతచిగురులో, వంకాయ కూరలో రుచికి వేస్తారు. బంధువుల ఇంట, విందులో "ఇది ఆకుకూరే" అని వడ్డించినది రొయ్యపొట్టు కలిపినదై ఉండవచ్చు. చేపలు వేయించిన నూనెలోనే బజ్జీలు వేయడం, రొయ్యల కూర కలిపిన గరిటెను పప్పులో పెట్టడం సర్వసాధారణం. ఫాల్గుణ మాసంలో పెద్దింట్లమ్మ జాతరకు వచ్చే జనసందోహంలో, వరుసగా వెలసే తినుబండారాల అంగళ్ల వద్ద ఈ జాగ్రత్త మరింత అవసరం. జాతర వైద్య శిబిరంలోని మందుల జాబితాలో అడ్రినలిన్ తప్పక ఉండాలి.

ప్యాకెట్లలో అమ్మే ఆహారంపై రొయ్య, పీత జాతులు, చేప, గుడ్డు, పాలు, వేరుశనగ, సోయా, గోధుమ వంటి పదార్థాల ఉనికిని ముద్రించాలని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 లేబులింగ్ నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. ఆస్తమాకు మృగశిర కార్తె నాడు హైదరాబాదులో పంపిణీ చేసే చేప మందుకు ఈ ప్రాంతం నుండి సైతం వెళతారు. చేప పడదని తెలిసిన బిడ్డకు దానిని ఇప్పించరాదు.

ఏది అలెర్జీ కాదు అన్నదీ ముఖ్యమే. రాత్రివేళ దగ్గు, పిల్లికూతలు, రక్తపరీక్షలో ఈస్నోఫిల్ కణాల పెరుగుదల ఉంటే కోస్తా డెల్టాలో బోదకాలు క్రిముల వల్ల వచ్చే ఊపిరితిత్తుల వ్యాధినీ అనుమానించాలి. దానికి మందు డైఇథైల్ కార్బమజైన్. ఆ మందును వెలుగులోకి తెచ్చిన పరిశోధక బృందానికి నాయకుడైన యల్లాప్రగడ సుబ్బారావు 1895లో ఈ సరస్సుకు సమీపంలోని భీమవరంలోనే జన్మించారు. అలాగే మంచు లేకుండా నిల్వ ఉన్న కనగర్త వంటి సముద్రపు చేపలలో హిస్టమిన్ పేరుకుని, తిన్నవారికి ముఖం ఎర్రబడి దద్దుర్లు వస్తాయి. అది చేప పాడవడం వల్ల కలిగినది. అదే కూర తిన్న పలువురికి ఒకేసారి వస్తుంది. అలెర్జీ సాధారణంగా ఒక్కరికే వస్తుంది.

బడి, అంగన్‌వాడీ

రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలల మధ్యాహ్న భోజనంలో గుడ్డు, వేరుశనగ చిక్కీ ఉన్నాయి. అంగన్‌వాడీలలో గుడ్డు, పాలు ఇస్తున్నారు. పిల్లల ఎదుగుదలకు ఇవి అత్యవసరం. ఏదో ఒక బిడ్డకు పడలేదని బడి మొత్తానికి గుడ్డు ఆపివేయడం పరిష్కారం కాదు. ప్రవేశ సమయంలో "ఏదైనా తిన్నపుడు దద్దుర్లు, వాపు, ఆయాసం వచ్చాయా?" అని తల్లిని ఒక్క ప్రశ్న అడిగి నమోదు చేయాలి. ఆ బిడ్డకు ప్రత్యామ్నాయం ఏమిటో వంట చేసే ఆయమ్మకు తెలియజేయాలి. తోటి పిల్లలు చిక్కీ ముక్క పంచి పెట్టకుండా చూడాలి. ప్రధానోపాధ్యాయుని బల్ల వద్ద గోడపై 108తో పాటు ఆరోగ్య కేంద్రం, ఏఎన్ఎం ఫోను నంబర్లు రాసి ఉంచాలి. గుడ్డు, పాలు పడని పిల్లలలో చాలామందికి పెరిగేకొద్దీ ఆ దోషం పోతుంది. వేరుశనగ, చేప, రొయ్య విషయంలో అది అరుదు. గుడ్డు పడని పిల్లలకు తట్టు, రుబెల్లా టీకా వేయించడం సురక్షితమే.

టీకాల వల్ల ఎనాఫిలాక్సిస్ పది లక్షల మోతాదులకు సుమారు ఒకటి మాత్రమే. అయినా టీకా వేసిన తరువాత అరగంట కూర్చోమని చెప్పేది ఇందుకే. టీకా కార్యక్రమాలలో ఏఎన్ఎం వద్ద ఎనాఫిలాక్సిస్ కిట్ ఉండాలని, అవసరమైతే వయస్సుకు తగిన ఒక మోతాదు అడ్రినలిన్ ఇచ్చి పై ఆసుపత్రికి పంపాలని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ కిట్ టీకాల కొరకు ఉద్దేశించినది. రొయ్య తిని వాలిపోయిన బిడ్డకు అదే ఏఎన్ఎం అదే సూది ఇవ్వవచ్చునా అన్న సందేహాన్ని వైద్యాధికారి ముందుగానే, లిఖితపూర్వకంగా తీర్చాలి. బిడ్డ గుమ్మంలో ఉన్నపుడు తేల్చుకునే విషయం కాదు అది. లంక గ్రామాల ఆరోగ్య కేంద్రాలలో అడ్రినలిన్ నిల్వ, గడువు తేదీ, చిన్న మోతాదులు కొలవగల ఒక మిల్లీలీటరు సిరంజీల లభ్యతను వర్షాకాలానికి ముందే తనిఖీ చేయాలి. వెలుతురు తగిలి రంగు మారిన ఆంప్యూల్ వాడరాదు. పాముకాటుకు ఇచ్చే విరుగుడు మందుకు సైతం తీవ్ర అలెర్జీ వచ్చే అవకాశం ఉన్నందున, ఆ మందు ఎక్కించేచోట అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకోవడం నియమం.

పాత్రికేయులకు ఒక విన్నపం. "ఇంజెక్షన్ వికటించి బాలుని మృతి", "ఆహారం వికటించి అస్వస్థత" అన్న శీర్షికలు తరచు కనిపిస్తాయి. వికటించడం అన్న ఒక్క మాటలో విషాహారం, అలెర్జీ, మోతాదు పొరపాటు మూడూ కలిసిపోతున్నాయి. ఎంతమంది తిన్నారు, ఎంతమందికి వచ్చింది, ఎన్ని నిమిషాలకు వచ్చింది, అడ్రినలిన్ ఇచ్చారా, ఎప్పుడు ఇచ్చారు అన్న ప్రశ్నలు అడిగితే వార్త స్పష్టమవుతుంది. టీకాలపై, బడి భోజనంపై అకారణ భయమూ తలెత్తదు.

ఆసుపత్రి నుండి ఇంటికి పంపేటపుడు ఇచ్చే కాగితంలో ఏ పదార్థం వల్ల వచ్చినదని అనుమానం, ఏ లక్షణాలు కనిపించాయి, అడ్రినలిన్ ఎన్నిసార్లు ఇచ్చారు అన్న వివరాలు తెలుగులో రాసి ఇవ్వాలి. మందు వల్ల వచ్చినదైతే దాని పేరు పెద్ద అక్షరాలతో రాయాలి. ఆ కాగితం నకలు ఒకటి బడికి, ఒకటి ఏఎన్ఎంకు అందించి, అసలు ప్రతిని తడవకుండా ప్లాస్టిక్ కవరులో భద్రపరచుకుని, బిడ్డను ఏ వైద్యుని వద్దకు తీసుకువెళ్లినా ముందుగా చూపించాలి.